మూడో అంకంలో ఖాళీ కాగితం

రెండో అంకం సగంలో ఉండగా కుడిపక్క వింగులో మూడు జతల బూట్లు వచ్చి నిలబడ్డాయి. అవి మా నాటకంలో బూట్లు కావు.

ఆ తేడా నాకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. బుడాపెస్టులోని ఆ నాటకశాలలో ఇరవై రెండేళ్లుగా నటులకు మాట అందించేదాన్ని నేనే. రంగస్థలం అంచున నేలలో ఒక గుంట, దానికి ప్రేక్షకుల వైపు అడ్డంగా ఒక చెక్క గూడు. అందులో పీట మీద కూర్చుని, బుడ్డి దీపం వెలుగులో పుస్తకం చూసుకుంటూ గుసగుసగా మాటలు అందించాలి. అక్కణ్ణించి నాకు కనిపించేవి పాదాలు, గౌను అంచులు, గడ్డాలు, ముక్కుపుటాలు. ఎవరి మడమ ఎటువైపు అరిగిందో అడగండి, చెబుతాను. మా నాటకం చూడ్డానికి ఎలా ఉంటుందని మాత్రం అడగొద్దు. నేను ఒక్కసారి కూడా చూడలేదు.

మా బృందగానంలో సైనికుల వేషం వేసేవాళ్ల బూట్లు అట్టతో చేసినవి. అసలు తోలంతా యుద్ధానికే పోయింది. ఈ మూడు జతలూ నిజం తోలువి, మడమలకు ఇనప నాడాలు కొట్టినవి, నది ఒడ్డు బురద ఇంకా ఆరనివి. వాళ్లు డొమె బాబాయి కోసం వచ్చారని చూడగానే తెలిసిపోయింది. ఎందుకొచ్చారో కూడా తెలుసు. ముందురోజు సాయంత్రం మూడో అంకంలో ఆయన ఒక జోకు వేశాడు. ఆ జోకు నాది.

డొమె బాబాయి మా మూడో అంకం హాస్యగాడు. మా ఊళ్లో హాస్య సంగీత నాటకం అంటే మొదటి రెండంకాలూ ప్రేమ, అపార్థం, కన్నీళ్లు. మూడో అంకం వచ్చేసరికి కథ అయిపోతుంది, జనానికి ఆకలేస్తుంది. సరిగ్గా అప్పుడు, అంతదాకా ఎవరూ చూడని ఒక మనిషి లోపలికొస్తాడు. ఓ వంటవాడో, ఓ తోటమాలో. కథతో వాడికి పని లేదు. పావుగంట మాట్లాడి, జనాన్ని నవ్వించి పోతాడు. వాడేం మాట్లాడాలో నాటకం రాసేవాళ్లు రాయరు. నా పుస్తకంలో ఆ చోట, ఏ నాటకమైనా సరే, ఇంతే ఉండేది: "డొమె వస్తాడు. మాట్లాడతాడు." కింద కాగితమంతా ఖాళీ.

ఆ ఖాళీ కాగితం మీదే ఆయన ముప్ఫై ఏళ్లు బతికాడు. రంగు పూసుకుంటూ సాయంత్రం పేపరు చదివేవాడు. ఆ రోజు రొట్టెలో రంపపు పొట్టు ఎంత కలిసిందో, మంత్రిగారి మీసం ఎటు తిరిగిందో, తీసుకెళ్లి స్టేజి మీద పడేసేవాడు. చక్రవర్తి కాలంలో పోలీసులు ఆయన్ని రెండుసార్లు ఠాణాలో కూర్చోబెట్టారు. ఆ సంగతి తనకు సన్మానం జరిగినట్టు చెప్పుకునేవాడు. పాఠం బట్టీ పట్టడమంటే ఏమిటో ఆయనకు తెలియదు.

ఆ ఏడాది, అంటే 1919 మార్చిలో, మా హంగరీలో కూడా సోవియట్ సర్కారు వచ్చింది. నాటకశాల మనదైంది. పాత యజమాని తన బల్ల తాళంచెవి జేబులో వేసుకుని వియన్నా పోయాడు. మేమాడుతున్న 'యువరాజు గొడుగు'లో చివర పెళ్లి చేసుకునే యువరాజు, ముందు కిరీటం వదిలేసి సహకార సంఘంలో చేరి, ఆ తర్వాత పెళ్లి చేసుకోవాల్సి వచ్చింది. దానికెవరికీ అభ్యంతరం లేదు, పాట అదే కదా. కానీ నాటకాల ఆఫీసు నుంచి వచ్చిన గుమాస్తా నా పుస్తకం తిరగేస్తూ ఆ ఖాళీ కాగితం దగ్గర ఆగాడు.

"ఇక్కడేముంది?"

"డొమె వస్తాడు, మాట్లాడతాడు," అన్నాను.

"ఏం మాట్లాడతాడు?"

"అది ఆ రోజుకే తెలియాలి."

"అయితే ఆ రోజుని కూడా వచ్చి ముద్ర వేయించుకు పొమ్మనండి," అన్నాడాయన.

అలా అరవై నాలుగేళ్ల డొమె బాబాయి కూర్చుని పేజీన్నర రాశాడు. నేను సాపు చేశాను. వాళ్లు గుండ్రటి ముద్ర వేశారు. ముద్ర పడిన కాగితంలో లేని మాట ఒక్కటి పలికినా విప్లవ ద్రోహం. ఆయనది కోట వాకిట్లో తలుపు తీసేవాడి వేషం. "శ్రమ సూర్యుడు ఈ కోట మీద కూడా ఉదయించాడు" అని మొదలు. నది గట్టు మీద పచార్లు చేస్తూ, ఎక్కాలు అప్పజెప్పే పిల్లాడిలా దాన్ని వల్లించేవాడు పాపం. మేమంతా నవ్వేవాళ్లం.

ఇక నా సంగతి. ఆ జోకు పుట్టిన రోజు పొద్దున నాటకశాల సంఘం మీటింగు జరిగింది. అధ్యక్షుడు మా వాద్యబృందంలో రెండో వయొలిను వాయించేవాడు. ఆయన లేచి, "కామ్రేడ్స్, ఈ తలుపులు మనవి, ఈ కుర్చీలు మనవి, ఆఖరికి ఈ గోడ మేకులు కూడా మనవే," అన్నాడు. నేను జన్మలో మొదటిసారి మీటింగులో చెయ్యెత్తాను.

"కుర్చీలు మనవే అయితే, ఒక్కరోజు నేను ముందు కూర్చుని నాటకం చూడొచ్చా?"

"భలేవారే కామ్రేడ్ ఎటెల్కా," అన్నాడాయన. "మీరక్కడ కూర్చుంటే మాటలెవరు అందిస్తారు?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. లోపల మాత్రం ఒళ్లు మండిపోయింది.

ఆ సాయంత్రమే డొమె బాబాయి రెండో వాక్యం దగ్గర మరిచిపోయాడు. కింద నుంచి చూస్తే ఆయన గొంతుముడి పైకీ కిందకీ కొట్టుకుంటోంది. నా వేలు సరైన పంక్తి మీదే ఉంది. నోట్లోంచి మాత్రం వేరే మాట వచ్చింది. పొరపాటున వచ్చిందని చాలాకాలం నాకు నేనే చెప్పుకున్నాను. పొరపాటేం కాదు, పొద్దుటి నుంచి నోట్లో నానుతున్న మాట. "అంతా మనదైతే నేను కూర్చోనా అని అడుగు," అని అందించాను.

అంతే, ఆయన పాదాలు ఒక్కసారి కుదురుగా నిలబడ్డాయి.

"ముప్ఫై ఏళ్లుగా ఈ తలుపు తీస్తున్నానండీ," అన్నాడు జనంతో. "రాజుగారొచ్చి, ఒరేయ్, ఇదంతా నాది, తలుపు తియ్యి అన్నారు. తీశాను. ఆయన పోయి కొత్త రాజుగారొచ్చి, ఇదంతా నాది, తియ్యి అన్నారు. తీశాను. ఇప్పుడు మీరొచ్చి, కామ్రేడ్, ఇదంతా మనది, తలుపు తియ్యి అన్నారు. ప్రాణం లేచొచ్చిందనుకోండి. మనదంటే అందులో నేనూ ఉన్నట్టే కదా, అయితే కాసేపు కూర్చోనా అన్నాను. భలేవాడివే కామ్రేడ్, నువ్వు కూర్చుంటే తలుపెవరు తీస్తారు అన్నారు."

ఆ నవ్వుకి పైనుంచి సున్నం రాలి నా పుస్తకంలో పడింది. పక్క బాక్సులో కూర్చున్న ఇద్దరు మాత్రం నవ్వలేదని తర్వాత తెలిసింది.

మర్నాడే ఈ బూట్లు.

ఆ రోజు మామూలు రోజైనా బాగుండేది. సాయంత్రం నాలుగింటి నుంచి దాన్యూబు మీద ఫిరంగులు పేలుతున్నాయి. యుద్ధనావలు కొన్ని ఎర్రజెండా దించి, పాత జెండా కట్టుకుని సర్కారు మీద తిరగబడ్డాయి. అయినా నాటకం ఆపొద్దని ఉత్తర్వు, ఆపితే ఊరు బెంబేలెత్తుతుందట. కర్ఫ్యూ కాలం కాబట్టి మా ఆట ఐదింటికే మొదలు. చెపెల్ దీవి ఇనప కర్మాగారాల వాళ్లు తొమ్మిది వందల మంది యూనియన్ టిక్కెట్లు పట్టుకుని, ఆ ఫిరంగుల మధ్యే నడిచొచ్చారు. పై అంతస్తులో గుమ్మడి గింజలు కొరికే చప్పుడు నాకు వినిపిస్తూనే ఉంది.

రెండో అంకం అవగానే గుంటలోంచి కిందికి దిగి, స్టేజి అడుగునుంచి పరిగెత్తాను. గ్రీన్‌రూమ్ మెట్ల దగ్గర ఆ బూట్లవాళ్ల పెద్ద ఆపాడు. తోలు కోటు, పాతికేళ్లకి మించవు. పేరు విల్మొష్ అట. మొహం అలిసిపోయి ఉంది.

"కంగారు పడకండి కామ్రేడ్. నాటకం పాడుచెయ్యం," అని కాగితం చూపించాడు. "ఇదిగో, ఇందులోనే ఉంది. తెర పడిన తర్వాత అదుపులోకి తీసుకోవాలి. జనం మధ్య గొడవ కాకూడదని."

"తెర పడ్డాక ఏం చేస్తారు?"

అతను కిటికీ వైపు చూశాడు. "విన్నారుగా ఆ మోత. ఇవాళ ఎవర్నీ రెండోసారి అడగరు. ఒకే కోర్టు, నిలబెట్టి కాల్చడానికి ఒకే గోడ."

డొమె బాబాయి అద్దం ముందు కూర్చుని తెల్ల బుగ్గమీసాలు అంటించుకుంటున్నాడు. పక్కన కంటిచుక్కల సీసా. మద్య నిషేధం వచ్చినప్పటి నుంచి అందులో ఉండేది రేగుపళ్ల సారా. కోటు బొత్తాలు ఇంకా పెట్టుకోలేదు. నేనే పెట్టాను.

"బాబాయ్, నేను చెప్పేస్తా."

"ఏమని?"

"ఆ మాట అందించింది నేనని. జోకు నాదని."

"ముప్ఫై ఏళ్లకి ఒక మంచి జోకు దొరికింది నాకు. దాన్ని కూడా లాక్కుంటావటే?"

"వేళాకోళం కాదు."

"నేనూ వేళాకోళం ఆడట్లేదు." గొంతు తగ్గించాడు. "నువ్వు నోరు మూసుకుంటే ఒకణ్ణి తీసుకెళ్తారు. నోరు తెరిస్తే ఇద్దర్ని. అయినా నీకా గుంటలో కూర్చోవడం నేర్పిందెవరు? మాట అందించేవాళ్ల గొంతు బయటికి వినపడకూడదని నేర్పిందెవరు?"

"నువ్వే."

"మరి? నదిలో ఏదో ఒకటి తేలనీ. గంటలో ఎవరో ఒకరు గెలుస్తారు. గెలిచాక ముసలి జోకరు ఎవరికీ గుర్తుండడు. తెర కాస్త ఆలస్యంగా పడితే చాలు." సీసా ఎత్తి చివరి చుక్క దాకా తాగాడు. "చచ్చే భయంగా ఉంది పిల్లా. నాలుగు మెట్లు దిగి స్టేజి దాకా పోగలనా అని చూస్తున్నా."

ఆ మాట నాకు గుచ్చుకుంది. ఆయన భయపడ్డం నేనెప్పుడూ చూడలేదు.

తెర ఆలస్యం కావాలన్న కబురు ఒకరి చెవినుంచి ఒకరి చెవిలో పడి, మూడో అంకం గంట కొట్టేలోపు అందరికీ చేరింది. మా నాయిక హెర్మినాకి డొమె బాబాయి అంటే పదిహేనేళ్లుగా గిట్టదు. ఒకప్పుడు ఆమె విరహగీతం పాడుతుంటే ఆయన పక్కన నిలబడి రేగుపళ్లు కూరిన ఉండ తిన్నాడట. అలాంటి మనిషి ఆ రోజు తన పాట పాడి, ఎవరూ వన్స్‌మోర్ అనకముందే మళ్లీ పాడింది. మళ్లీ మూడోసారి అందుకుంది. మూడోసారి గొంతు జీరపోయినా వదల్లేదు. ఆ తర్వాత నాట్యం చేసే జంట అదే నాట్యం ఐదుసార్లు ఆడారు. ఐదోసారికి కుర్రదాని చెప్పు మడమ ఊడి, మేకు బయటికొచ్చి, అడుగడుగునా చెక్కమీద గీసుకుపోతోంది. ఆమె మొహం మీద నవ్వు చెరగలేదని తర్వాత చెప్పారు. నాకు కనిపించింది మేకు, మేజోడులోంచి ఊరుతున్న నెత్తురు.

ఇక సాగదీయడానికి పాటలు లేవు. డొమె బాబాయి పాత తోలుచెప్పులు స్టేజి మీదికొచ్చాయి.

"శ్రమ సూర్యుడు ఈ కోట మీద కూడా ఉదయించాడు," అన్నాడు. మాటకీ మాటకీ మధ్య ఓ ఊరు దాటొచ్చేంత ఎడం పెడుతున్నాడు. జనం మర్యాదగా వింటున్నారు. ముందురోజు ఆట చూసినవాళ్ల దగ్గర విని నవ్వుదామని వచ్చినవాళ్లు, ఇదేమిటన్నట్టు కుర్చీల్లో కదులుతున్నారు. నేను వేలు పంక్తి పంక్తికీ జరుపుతున్నాను.

అప్పుడు దగ్గర్లోనే ఒక గుండు పడింది. గుంటలో నా పీట ఎగిరిపడింది, దీపం ఆరబోయి మళ్లీ నిలిచింది. పై అంతస్తులో ఎవరో లేచారు, వాళ్లని చూసి ఇంకెవరో. తొమ్మిది వందల మంది ఆ ఇరుకు మెట్ల మీద పడితే ఏమవుతుందో ఊహించుకోండి. ఇదివరకటి డొమె బాబాయి అయితే ఒక్క మాట అని కూర్చోబెట్టేవాడు. ఆ మాట ముద్రలో లేదు. ఆయన వింగులో తోలుకోటు వైపు చూశాడు. జనం వైపు చూశాడు. తర్వాత నా వైపు చూశాడు. గొంతుముడి కొట్టుకుంటోంది. పాఠం పోయింది.

నా వేలు కింద పదకొండు పంక్తులు మిగిలాయి. ఎంత మెల్లిగా చెప్పినా రెండు నిమిషాలు. ఆ తర్వాత ముగింపు పాట, ఆ తర్వాత తెర, ఆ తర్వాత గోడ. తర్వాతి పంక్తి అందించడం నా ఉద్యోగం. ఇరవై రెండేళ్లలో నిద్రలో కూడా ఆ పని తప్పలేదు నేను. ఆ పంక్తి అందిస్తే ఆ మనిషిని గోడ దాకా నడిపించింది నేనే అవుతాను.

పుస్తకం మూసేశాను. లేచి నిలబడ్డాను.

నిలబడితే గూడు ఉంటుందన్న సంగతి మరిచిపోయాను. తలకి తగిలి ఆ చెక్క గూడు ఊడి, వాద్యబృందం మీదికి దొర్లి పెద్ద డోలు మీద పడింది. మెట్లవైపు పోతున్నవాళ్లు ఆగి వెనక్కి తిరిగారు. నేలలోంచి నడుం దాకా మొలిచిన బూడిదరంగు జుట్టు ఆడమనిషిని చూసి ఎవరో నవ్వారు. ఆ నవ్వు అంటుకుంది. లేచినవాళ్లు కూర్చున్నారు.

"నిన్నటి జోకు ఈయనది కాదు," అన్నాను. నాకే వినపడలేదు.

"గట్టిగా చెప్పవమ్మా," అని పైనుంచి కేక.

"నిన్న ఈయన చెప్పిన జోకు నాది. నేనందించాను. తీసుకెళ్తే నన్ను తీసుకెళ్లాలి."

హాలంతా గొల్లుమంది. వాళ్ల తప్పు లేదు, మూడో అంకంలో ఎవరేం చేసినా నవ్వడానికే. విల్మొష్ వింగులోంచి స్టేజి మీదికొచ్చాడు. "ఇదిగో ఇంకో వేషగాడు, ఈడి బూట్లు బానే కుదిరాయి," అన్నారెవరో. ఇంకా నవ్వారు. అతను పిస్తోలు తీశాడు. నవ్వు కుళాయి కట్టేసినట్టు ఆగింది.

"ఇద్దరూ కదలొద్దు," అన్నాడు.

మూడో వరసలో ఒకావిడ లేచింది. యాభై దాటి ఉంటాయి, తలకి నల్ల గుడ్డ. కర్మాగారంలో వాళ్ల విభాగం ప్రతినిధి, జోఫీ అత్త అంటారట.

"ఏం బాబూ విల్మొష్, నువ్వేనా? మీ అమ్మకి దగ్గు తగ్గిందా?"

విల్మొష్ మొహం కందిపోయింది. "కూర్చో అత్తా. ఇది ఆర్డరు."

"కూర్చుంటాలే. ఈ నాటకశాల మనదని మొన్న మా గేటు దగ్గర బల్లెక్కి చెప్పింది నువ్వే కదా. మనింట్లో ఏం గొడవ జరుగుతోందో అడక్కూడదా?"

"విప్లవాన్ని ఎగతాళి చేశారు."

"ఏమని?"

ఆ మాట అతను తన నోటితో ఎలా చెబుతాడు?

"పోనీ ఆవిణ్ణి చెప్పమను," అంది జోఫీ అత్త. "విని చేతులెత్తుతాం. తప్పయితే మేమే పట్టిస్తాం."

అందరూ నా వైపు చూశారు. జనం వైపు తిరిగి నోరు తెరిచాను. తొమ్మిది వందల మొహాలు. నా జన్మలో నేను చూసినవి అన్నీ పాదాలే. ఒక్క అక్షరం గుర్తు లేదు. నా జోకు, నాకే గుర్తు లేదు.

వెనకనుంచి చిన్న గుసగుస వినిపించింది. "ముప్ఫై ఏళ్లుగా ఈ తలుపు తీస్తున్నాను."

డొమె బాబాయి. పెదవులు కదపకుండా, బుగ్గమీసాల చాటునుంచి. ఏ పాఠమూ గుర్తుండని మనిషి నాకు మాట అందిస్తున్నాడు.

"ముప్ఫై ఏళ్లుగా ఈ తలుపు తీస్తున్నాను," అన్నాను.

"రాజుగారొచ్చి."

"రాజుగారొచ్చి ఇదంతా నాది అన్నారు."

అలా ఒక్కో మాటా ఆయన అందిస్తుంటే ఒక్కో మాటా చెప్పాను. నటించలేదు, ఆపాల్సిన చోట ఆపలేదు. అంతా మనదే కదా, కాసేపు కూర్చోనా అని అడిగాను, నువ్వు కూర్చుంటే తలుపెవరు తీస్తారన్నారు అని ముగించాను. చెంపల మీద తడి తగిలింది.

ఎవరూ నవ్వలేదు. గింజలు కొరికే చప్పుడు కూడా లేదు. అయిపోయింది, ఇద్దరం పోయినట్టే అనుకున్నాను.

జోఫీ అత్త జనం వైపు తిరిగింది.

"ఇందులో నవ్వడానికేముంది?" అంది. "ఇది జోకు కాదు. ఫిర్యాదు. ఎవరమ్మా నీకట్లా చెప్పింది?"

నేను వాద్యబృందం వైపు వేలు చూపించాను. రెండో వయొలిను వాయించే మా అధ్యక్షుడు పక్కవాడి పెద్ద వాద్యం చాటుకి జరిగాడు.

"ఫిర్యాదు చేసినవాళ్లని గోడకి నిలబెట్టాలని మనం ఏ మీటింగులో తీర్మానించాం విల్మొష్? ఆ రోజు నేను రాలేదేమో మరి. సరే, ఇది ద్రోహం అనేవాళ్లు చేతులెత్తండి."

ఒక్క చెయ్యీ లేవలేదు.

"కాదనేవాళ్లు."

ఆ చేతుల్ని నేను మరిచిపోను. కాలిన మచ్చలు, నల్లబడిన గోళ్లు, వేళ్లు తెగిన చేతులు, కింది వరస నుంచి పై అంతస్తు దాకా లేచాయి. తలుపు దగ్గర టిక్కెట్లు చింపే ఆవిడ రెండు చేతులూ ఎత్తింది.

విల్మొష్ పిస్తోలు దించాడు. మొహం పాలిపోయింది.

"చేతులెత్తితే ఆర్డరు మారదు అత్తా. మార్చే అధికారం నాకు లేదు." కాగితం విప్పి గట్టిగా, ఒక్కో మాటా విడివిడిగా చదివాడు. "తెర పడిన తర్వాత అదుపులోకి తీసుకోవలెను. నేను చేసేది అదే. తెర పడిన మరుక్షణం."

చదువుతున్నప్పుడు అతను జోఫీ అత్తని చూడలేదు, నన్నూ చూడలేదు. తెర తాడు ఉన్న పక్కకి చూశాడు. కావాలనే చూశాడో, ఊరికే చూశాడో దేవుడికే తెలియాలి.

తాడు దగ్గర ఉండేది గెర్గెలీ, మితభాషి. ఆ తాడుని కొక్కేనికి నాలుగు చుట్లు చుట్టి, ముడి మీద ముడి వేసి, దానిమీద స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"బిగుసుకుపోయింది," అన్నాడు.

"ఎప్పటికి బాగవుతుంది?" అన్నాడు విల్మొష్.

"చెప్పలేం. నూనె దొరకని రోజులు."

ముగింపు పాట పాడేశారు. తెర పడలేదు. జనం వెలుగుతున్న స్టేజిని వెనక్కి తిరిగి తిరిగి చూసుకుంటూ వెళ్లిపోయారు. డొమె బాబాయి కోట వాకిట్లో స్టూలు మీద, అందరికీ కనపడేలా కూర్చున్నాడు. చివరి వరసలో విల్మొష్ కూర్చున్నాడు. ఎనిమిదయ్యేసరికి నదిలో మోత ఆగింది. నావలు దిగువకి పారిపోయాయట, సర్కారే నిలిచిందట. విల్మొష్ లేచి, ఆ తెర వైపోసారి చూసి, తన వాళ్లని తీసుకుని వెళ్లిపోయాడు.

ఆ తర్వాత నాలుగు రోజులు మేం తెర దించకుండానే నాటకం ఆడాం. అంకానికీ అంకానికీ మధ్య కోట గోడలు జనం ముందే మోసుకుపోయేవాళ్లం, వాళ్లు దానికీ చప్పట్లు కొట్టేవాళ్లు. విల్మొష్ రెండుసార్లొచ్చి, వెనక నిలబడి చూసి వెళ్లాడు. ఐదో రోజు రాలేదు. తీసా నది దగ్గరికి యుద్ధానికి పంపించారట. అక్కణ్ణించి తిరిగి రాలేదు. ఆ కాగితం అతని జేబులోనే పోయి ఉంటుంది.

ఆగస్టులో ఆ సర్కారూ పోయింది. ఎర్రవాళ్ల మీద పగబట్టిన తెల్లసైన్యం, టోపీలకి కొంగ ఈకలు పెట్టుకున్నవాళ్లు, వచ్చారు. వియన్నా నుంచి పాత యజమాని తన తాళంచెవితో తిరిగొచ్చాడు. వీళ్ల దగ్గరా ఒక జాబితా ఉంది. ఎర్రమూక చేతులెత్తి కాపాడిన మనిషని డొమె బాబాయిని ఏ స్టేజీ ఎక్కకూడదన్నారు. జోఫీ అత్తని ఒక తెల్లవారుజామున తీసుకెళ్లారు. ఆమె కోసం చేతులెత్తడానికి ఎవర్నీ పిలవలేదు.

యజమాని అంతా పూర్వంలాగే ఉంటుందన్నాడు. అన్నట్టే మూడో అంకంలో ముద్రలు పోయాయి. కానీ ఖాళీ కాగితం మాత్రం తిరిగి రాలేదు. అచ్చు వేసిన పాఠం ఇచ్చి, కొత్త హాస్యగాణ్ణి పెట్టాడు. నేను వెళ్లి ఒక్క సాయంత్రం ముందు కూర్చుంటానని అడిగాను. ఆయనేమన్నాడో మీకు తెలుసు.

చలికాలంలో ఒకరోజు డొమె బాబాయి వెనక తలుపునుంచి వచ్చాడు. బాగా చిక్కిపోయాడు. "పోయి కూర్చోవే. మాటలు నేనందిస్తా, యజమానికి తెలియదులే," అని నా చేతిలోంచి పుస్తకం తీసుకుని గుంటలోకి దిగిపోయాడు.

మూడో వరసలో, జోఫీ అత్త కూర్చున్న కుర్చీలో కూర్చున్నాను. హెర్మినా స్టేజి మీద ఎడమ బుగ్గన పుట్టుమచ్చ దిద్దుకుంటుందని ఆ రోజే తెలిసింది. ఆ వెలుగులో ఆవిడ నేననుకున్నంత చిన్న వయసుదానిలా లేదు. కోట కూడా అంత బాగా లేదు, పక్కనుంచి ఇటుకల రంగు పెచ్చులూడుతోంది. మూడో అంకంలో కొత్త హాస్యగాడు వచ్చి, అచ్చులో ఉన్నదంతా ఒక్క తప్పు లేకుండా అప్పజెప్పాడు. ఎవరూ నవ్వలేదు. నేను అతన్ని చూడ్డం మానేసి, స్టేజి అంచున ఉన్న చెక్క గూడునే చూస్తూ కూర్చున్నాను.

ముందునుంచి చూస్తే ఆ గుంటలో మనిషి ఉన్నట్టే తెలియదు.